నూట అరవైలో సున్నా

2023 ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి మా చిన్నాన్న కొడుకు ఫోను చేశాడు. వాడు పై రాష్ట్రంలో ఒక ఐఐటీలో సివిల్ ఇంజనీరింగు చదువుతున్నాడు అప్పుడు. మా మాదిగపల్లె నించి అంత దూరం పోయి చదివిన మొదటోడు వాడే. మా ఇంటి మొత్తానికి డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేను. అందుకని చదువు సంగతి ఏదొచ్చినా మా వాళ్లకి నేనే దిక్కు. నాకు తెలిసినా తెలియకపోయినా నన్నే అడుగుతారు.

"అక్కా, వచ్చే సెమిస్టరుకి టెక్నికల్ కానిది ఒకటి తీసుకోవాలంట. తీసుకోకపోతే డిగ్రీ ఇయ్యరు. లిస్టు పెట్టారు. ఏది తీసుకోను?"

"ఏమేమున్నాయిరా?"

"సైకాలజీ ఉంది. ఎకనామిక్స్ ఉంది. సినిమాల మీద ఒకటి, జర్మను భాష ఒకటి. ఫిలాసఫీ ఉంది." కాసేపు ఆగాడు. "కులం మీద కూడా ఒకటుంది."

"అదే తీసుకో మరి."

"తెల్సిపోద్దక్కా."

ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. వాడు చేరిన మొదటి వారంలోనే హాస్టల్లో అడిగిన మొదటి ప్రశ్న "ర్యాంకెంత?" అని. కులం పేరు ఎవడూ అడగడు. ర్యాంకు అడుగుతాడు. ఊళ్లో అయితే "ఎవరి పిల్లోడివిరా?" అంటారు, అక్కడ "ర్యాంకెంత?" అంటారు. రెంటికీ అర్థం ఒకటే. వాడు ఆ ప్రశ్న నించి రెండేళ్లు తప్పించుకు తిరిగాడు. ఇప్పుడు పోయి కులం క్లాసులో కూచుంటే ఏమవుద్దో వాడికి తెలుసు.

"సరేలే, నీకెందుకా గోల. ఎకనామిక్స్ తీస్కో, మార్కులన్నా వస్తాయి" అన్నాను.

ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పదిహేడో ఆర్టికల్ బోర్డు మీద రాసి, అంటరానితనం నేరం అని ఏడాదికొకసారి పిల్లల చేత మూడుసార్లు పలికించేదాన్ని. అలాంటిదాన్ని నా తమ్ముడికి చెప్పింది ఏంది? దాక్కోరా అని. ఆ రాత్రి నించి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: ఇంజనీరయ్యే పిల్లాడికి మనుషుల గురించిన చదువు ఎందుకు? ఆ చదువు చెప్పాల్సి వస్తే దాని బరువు ఎవరి నెత్తిన పడాలి?

* * *

ముందు నా సంగతి చెప్పాలి. నేను పదో తరగతిలో లెక్కల్లో స్కూలు ఫస్టు. ఎంపీసీ చదవాలని ఉండేది. ఎంపీసీ అంటే కోచింగు, కోచింగంటే డబ్బు. మా అమ్మ మిరపకాయల కోతకి పోతే వచ్చే కూలి డబ్బులు ఇంట్లో బియ్యానికే చాలవు. గవర్నమెంటు కాలేజీలో హెచ్ఈసీలో సీటు ఉందన్నారు. చేరాను. మా రోజుల్లో ఆర్ట్స్ గ్రూపంటే మిగిలిపోయిన వాళ్ల గ్రూపు. ఆ క్లాసులో ఎటు చూసినా మేమే. మాలపల్లె, మాదిగపల్లె, ఎరుకల గుడిసెలు. చరిత్ర, పౌరశాస్త్రం మాకు ఎవరూ ముద్దుగా పెట్టలేదు. పొయ్యి మీద అడుగంటిన అన్నం పెట్టినట్టు పెట్టారు.

ఇప్పుడు వింతేమిటంటే అదే చరిత్ర, అదే సమాజశాస్త్రం పెద్ద ఇంజనీరింగు కాలేజీలో విలువైన వంటకం. ఇంజనీరు సంపూర్ణ మానవుడు కావాలంటే అది తినాలంటారు. ఈ మాట కొత్తది కాదు. అమెరికాలో 1955లో ఇంజనీరింగు విద్య మీద వచ్చిన గ్రింటర్ రిపోర్టు, చదువులో సుమారు అయిదో వంతు మానవ, సామాజిక శాస్త్రాలు ఉండాలంది. మన దేశంలో 1948-49 రాధాకృష్ణన్ కమిషను కూడా వృత్తి చదువులకి సాధారణ విద్య తోడుండాలంది. ఐఐటీలు మొదటి నించీ హ్యుమానిటీస్ విభాగాలు పెట్టుకున్నాయి. కాగితం మీద అంతా బాగానే ఉంది.

మా చిన్నమ్మకి ఈ కబురు చెబితే ఏమందో వినండి. "ఆడు ఉజ్జోగం సదువు సదవటానికి పోయాడా, కతలు ఇనటానికి పోయాడా? కులం సంగతి ఆడికి కొత్తగా సెప్పాల్నా? మా ఇంటికొస్తే నేను సెప్తా, ఫీజు లేకుండా."

నవ్వొచ్చే మాటే. నవ్వి ఊరుకునే మాట కాదు. పస్తులుండి చదివించిన తల్లి, ప్రతి గంట చదువూ తిండి తెస్తుందా లేదా అని లెక్క చూసుకుంటుంది. ఆ లెక్క తప్పని చెప్పే హక్కు కడుపు నిండినవాడికి లేదు. 'పరిపూర్ణ వ్యక్తిత్వం' అనే మాట మూడు పూటలా తిన్నవాడి నోట్లోనే పుట్టింది. అయినా చిన్నమ్మకి ఒక సంగతి గుర్తు చెయ్యాలనిపించింది. మా గోడ మీద ఫోటోలో ఉన్న అంబేద్కరు 1913లో కొలంబియాకి పోయి చదివింది ఇంజనీరింగు కాదు. ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, చరిత్ర. ఆ మనిషే 1942 నించి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబరు మెంబరుగా ఉండి సాగునీరు, కరెంటు వ్యవహారాలు చూశాడు. దామోదర్ లోయ ప్రాజెక్టు ఆలోచనలో ఆయన చెయ్యి ఉంది. డ్యాము గోడ ఎంత మందం ఉండాలో ఇంజనీరు చెబుతాడు. ఆ నీళ్లు ఎవరి గొంతులోకి పోవాలి అన్నది ఇంకో చదువు. ఆ రెండో చదువు లేకపోతే మొదటిది ఉన్నోడికి ఊడిగం చేస్తుంది.

నీళ్ల సంగతే తీసుకోండి. 1923లో బొంబాయి కౌన్సిలు ప్రజల చెరువులు అందరికీ తెరవాలని తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో చౌదార్ చెరువు తెరిచామంది. చెరువుంది, నీళ్లున్నాయి, తీర్మానం ఉంది. అయినా 1927 మార్చి 20న అంబేద్కరు వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టాల్సొచ్చింది. మా పక్కనే కారంచేడులో 1985 జులైలో జరిగిందీ మంచినీళ్ల చెరువు దగ్గరే. మాదిగలు తాగే నీళ్లు పాడు చెయ్యొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, జులై 17న, ఊరు పల్లె మీద పడింది. ఆరుగురు మాదిగలను చంపారు. ఆడవాళ్లను చెరిచారు. పల్లె పల్లెంతా చీరాల చేరింది. సివిల్ ఇంజనీరింగు పుస్తకంలో చెరువంటే ఘనపరిమాణం, లోతు, గట్టు వాలు. మాకు చెరువంటే ఆరు శవాలు కూడా. ఈ రెండూ ఒకే చెరువు అని పిల్లాడికి ఎవరు చెప్పాలి?

* * *

ఐఐటీ సంగతి అట్టా ఉంటే మామూలు కాలేజీ సంగతి ఇంకోటి. మా మేనమామ కూతురు ఫీజు రీయింబర్సుమెంటు మీద ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో చదివింది. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా సిలబసు ప్రకారం బీటెక్కు మొత్తం 160 క్రెడిట్లు. అందులో మేనేజిమెంటుతో కలిపి హ్యుమానిటీస్‌కి 12. భారత రాజ్యాంగం మాత్రం తప్పనిసరి సబ్జెక్టు, కానీ క్రెడిట్లు లేవు. సున్నా.

మళ్లీ చదవండి. తప్పనిసరి. సున్నా.

ఆ పిల్ల చెప్పింది. రాజ్యాంగం పీరియడు మధ్యాహ్నం అన్నం తిన్నాక పెట్టారు. వేరే సబ్జెక్టు ఆయన వచ్చి నోట్సు చదివి పోయేవాడు. మార్కులు కలవవు కాబట్టి పిల్లలు వెనక బెంచీల్లో ల్యాబు రికార్డులు రాసుకునేవాళ్లు. పరీక్ష ముందు రోజు పది ప్రశ్నలు చెప్పారు. అందరూ పాసయ్యారు. పదిహేడో ఆర్టికల్ కూడా ఆ పదిట్లో ఉందంట. అదే ఏడు, అదే కాలేజీ హాస్టల్లో, ఏ పిల్లలు ఏ పిల్లలతో గది పంచుకోరో ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.

ఇది ఆ కాలేజీ ఒక్కదాని తప్పు అనను. ఈ దేశం రాజ్యాంగాన్ని అట్టాగే పెట్టుకుంది. అందరికీ తప్పనిసరి, ఎవడి లెక్కలోనూ కలవదు. అంటరానితనం రద్దయి 75 ఏళ్లు దాటింది. అందరూ ఆ పరీక్ష పాసయ్యారు. ఎవడికీ క్రెడిట్టు రాలేదు.

బాగా చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు. హైదరాబాదు జేఎన్టీయూ ఇంజనీరింగు పిల్లల కోసం జెండరు మీద ఒక పుస్తకం తయారయింది. 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' అని 2015లో తెలుగు అకాడమీ వేసింది. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి. రాసిన వాళ్లలో మన గోగు శ్యామల ఉంది. ఇంటి చాకిరీని పనిగా ఎందుకు లెక్కపెట్టరు అని కాబోయే ఇంజనీరుని అడుగుతుంది ఆ పుస్తకం. అట్టాంటి పుస్తకం చేతికిచ్చాక దానికి క్లాసులో ఒక గట్టి గంట, చెప్పటానికి ఇష్టమున్న మనిషి ఉండాలి. అవి లేకపోతే ఎంత మంచి పుస్తకమైనా అల్మారాలో బూజు పడుతుంది.

* * *

ఇంక అసలు చిక్కు. తమ్ముడు చెప్పిన "తెల్సిపోద్ది."

క్లాసులో కులం గురించి మాట్లాడగానే అరవై జతల కళ్లు ఒక్కడి వైపు తిరుగుతాయి. ఆ ఒక్కడు అప్పటిదాకా విద్యార్థి. ఆ క్షణం నించి నమూనా. జువాలజీ ల్యాబులో బల్ల మీద కప్ప. "నీ అనుభవం చెప్పు" అని మంచి మనసుతోనే అడుగుతారు. చెబితే జాలి. చెప్పకపోతే దాస్తున్నాడని గుసగుస. మిగతా వాళ్లు నేర్చుకోవడానికి వీడి గాయం విప్పి చూపించాలా? అది చదువా?

ఉద్యమంలో ఉన్న మిత్రుడొకాయన నాతో గట్టిగానే వాదించాడు. "దాక్కోవటం నేర్పుతున్నావు టీచరమ్మా. మనవాడు ఆ క్లాసులో లేస్తేనే కదా వాళ్ల నోళ్లు మూతపడేది. అంత దూరం పోయి మూగగా ఉంటే ఏం లాభం?"

ఆయన మాటలో నిజం ఉంది. మనవాళ్లు నోరు విప్పబట్టే ఈ పుస్తకాలొచ్చాయి, ఈ కోర్సులొచ్చాయి. కానీ నోరు విప్పటం ఒకడు తనకు తానుగా చేసే పని. పందొమ్మిది, ఇరవయ్యేళ్ల పిల్లాడిని, ఇంటికి పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా, మార్కుల కోసం నోరు విప్పమనటం వేరు. సైనికుడిని యుద్ధానికి పంపటానికీ పసివాడిని తోయటానికీ తేడా ఉంది. వాడు దాక్కున్నాడని మనం సిగ్గుపడటం ఎందుకు? వాడు దాక్కోవాల్సిన చోటు కట్టినవాడు సిగ్గుపడాలి.

మరి ఆ కోర్సు ఇష్టమైన వాళ్లు తీసుకునేదిగా ఉంటే? ఎవరికి అవసరమో వాళ్లు తీసుకోరు. కులం ఎరగని వాళ్లమని చెప్పుకునే వాళ్లంతా జర్మను భాషకి పోతారు. తెలిసిన వాళ్లు భయపడి ఎకనామిక్స్‌కి పోతారు. ఆ గదిలో మిగిలేది కొందరు మంచివాళ్లు. అందరికీ తప్పనిసరి చేస్తే? సున్నా క్రెడిట్ల మధ్యాహ్నం పీరియడు అవుద్ది.

నాకు తోచింది ఇది. మనుషుల చదువుని ఒక పక్కన కట్టిన పాకలో పెట్టొద్దు. ఊరికి పల్లె ఎట్టాగో, టెక్నికల్‌కి నాన్-టెక్నికల్ అట్టా అయింది. దాన్ని ఊళ్లోకి తీసుకురావాలి. ఒక్క ఉదాహరణ చెబుతాను. అది మా ఇంటిదే.

మా చిన్నాన్న ఒక మునిసిపాలిటీలో కాంట్రాక్టు మీద డ్రైనేజీ పని చేసేవాడు. 2009లో ఒక పొద్దున మూత తీసి మేన్‌హోల్లోకి దిగినవాడు పలకలేదు. పైనున్నవాడు తాడేసి లాగాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు. కాంట్రాక్టరు మస్టర్లో ఆ మూడు రోజులూ గైరుహాజరు వేశాడు. తమ్ముడికి అప్పుడు ఆరేళ్లు. వాళ్ల నాన్న ఒంటి వాసన పోవటానికి చిన్నమ్మ నిమ్మతొక్కతో రుద్దటం వాడు చూశాడు. ఐఐటీలో వాళ్ల నాన్న పని ఏందంటే "మునిసిపల్ ఎంప్లాయీ" అని చెప్పాడు. అబద్ధం కాదు. నిజమూ కాదు.

అదే వాడు మూడో ఏట మురుగునీటి పైపుల డిజైను చదివాడు. పైపులో మట్టి పేరుకోకుండా ఉండాలంటే నీళ్లు సెకనుకి కనీసం 0.6 మీటర్లు పారాలి. మురుగులోంచి హైడ్రోజన్ సల్ఫైడు వాయువు లేస్తుంది, అది పైకప్పు తడిలో ఆమ్లంగా మారి కాంక్రీటుని తినేస్తుంది. ఆ వాయువు పైపుని ఎట్టా తింటుందో వాడి నోట్సులో ఒక పేజీ ఉంది. మనిషిని ఎట్టా తింటుందో ఆ నోట్సులో లేదు. సెలవులకి వచ్చినప్పుడు ఆ పేజీ నాకు చూపించి, "ఇదేనక్కా నాన్నని పట్టుకుంది" అన్నాడు. వాడి గొంతు మామూలుగానే ఉంది. నా చెయ్యి వణికింది.

ఆ పేజీ కిందే ఇంకో నాలుగు పంక్తులు ఉండొచ్చు కదా? చేత్తో పాకీ పని చేయించటాన్ని నిషేధిస్తూ 1993లో చట్టమొచ్చింది. 2013లో ఇంకో చట్టమొచ్చి, రక్షణ లేకుండా సీవరులోకి మనిషిని దించటాన్ని కూడా నేరం చేసింది. బెజవాడ విల్సన్ వాళ్ల సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నించి సీవర్లలో చనిపోయిన వాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పైపు వాలు లెక్క కట్టేవాడికి ఈ అంకెలు కూడా సిలబసే కావాలి. పరీక్షలో "మేన్‌హోల్ వ్యాసం ఎంత?" అని అడిగాక "ఇందులోకి ఎవరు దిగుతారు? దిగకుండా ఎట్టా కడతావు?" అని అడగాలి. దానికి మార్కులుండాలి. అప్పుడు ఎవడూ వెనక్కి తిరిగి నా తమ్ముడి మొహం చూడడు. బోర్డు వైపే చూస్తాడు. సాక్ష్యం చెప్పాల్సింది పిల్లాడు కాదు, పాఠం.

* * *

ఇంతా రాసి నా క్లాసు సంగతి దాస్తే అది మోసం. ఆ ఫోను వచ్చిన ఏడు జూన్‌లో బడి తెరిచాక, తొమ్మిదో తరగతిలో రాజ్యాంగం పాఠం చెబుతూ నేను మొదటిసారి పిల్లల కళ్లు గమనించాను. "అంటరానితనం" అనగానే సగం క్లాసు తిరిగి మూలనున్న మా పల్లె పిల్లల్ని చూసింది. వాళ్లు పుస్తకంలోకి తలలు దించారు. నాలుగేళ్లుగా నేను అదే పాఠం చెబుతున్నాను. నాలుగేళ్లుగా ఆ తలలు దిగుతూనే ఉండుంటాయి. ఆ బల్ల మీద కప్పల్ని పెట్టింది నేనే.

మర్నాడు పాఠం మార్చాను. "మీ ఇంటికి కూలికొచ్చిన వాళ్లకి మంచినీళ్లు దేంట్లో పోస్తారు? ఆ గ్లాసు ఎక్కడ పెడతారు? ఇంటికి పోయి చూసి రాసుకు రండి" అన్నాను. ఎవరి పేరూ పిలవలేదు. ఈసారి ప్రశ్న మా పల్లె పిల్లల్ని అడగలేదు, అటు వైపు అడిగింది. ఒక పిల్ల "మా గ్లాసు కిటికీ బయట ఉంటుంది టీచర్, ఎందుకో నాకు తెలీదు, మా అమ్మని అడిగితే కొట్టింది" అని రాసుకొచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. రెండు రోజులకి ఒక తండ్రి బడికొచ్చి, "చదువు చెప్పమంటే మా ఇళ్లల్లో గ్లాసులు లెక్కబెడతందా?" అని కేకలేశాడు. మా హెడ్మాస్టరు నన్ను పిలిచి సిలబసు దాటొద్దమ్మా అన్నాడు. ఇది సిలబసేనండి అన్నాను. ఆయన మాట్లాడలేదు, నన్ను ఆపనూ లేదు. ఆ తండ్రి ఇప్పటికీ నాకు ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. ఆ పిల్ల మాత్రం తిప్పుకోదు.

తమ్ముడు ఎకనామిక్సే తీసుకున్నాడు. కులం కోర్సు నాలుగేళ్లలో తీసుకోలేదు. నేనిచ్చిన సలహా తప్పని తర్వాత ఫోను చేసి చెప్పాను. "తప్పు కాదక్కా, నాకు ఊపిరాడింది" అన్నాడు. ఆ జవాబుని నేనింకా మొయ్యలేకపోతున్నాను.

2024 చివర్లో, ఆఖరి ఏడు ప్రాజెక్టు పని మీద ఉండగా మళ్లీ ఫోను చేశాడు. "అక్కా, నాన్న దిగిన వీధి ఎంత వెడల్పు ఉంటదో కొలిచి చెప్తావా?"

ఎందుకురా అన్నాను. మురుగు తీసే యంత్రం లారీ పెద్ద రోడ్ల మీదే తిరుగుద్ది, సందుల్లోకి రాదు, అందుకే సందుల్లో ఇంకా మనిషే దిగుతున్నాడు, సందుకి తగ్గట్టు మేన్‌హోళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో లెక్క కట్టాలి అన్నాడు. ఆదివారం నేనూ చిన్నాన్నా టేపు పట్టుకుని పోయాం. ఆయన ఒక కొసన నిలబడ్డాడు, నేను ఇంకో కొసన. ఏడడుగుల రెండంగుళాలు. పదిహేనేళ్ల తర్వాత ఆ మూత మీద చెప్పులతో నిలబడి, "ఇదిగో, ఇక్కడే" అన్నాడు చిన్నాన్న.

మిత్రులు ఇది విని, "చూశావా, ఏ కోర్సూ లేకుండానే వాడికి ఆ బుద్ధి పుట్టింది" అంటారు. అక్కడే నా ప్రశ్న. వాడికి ఆ సందు వెడల్పు అడగాలని ఎందుకు తోచింది? వాడు ఆ తండ్రి కొడుకు కాబట్టి. అలాంటి తండ్రి లేని ఇంజనీరుకి ఆ ప్రశ్న ఎక్కణ్నించి రావాలి? ఈ దేశంలో పైపులు గీసేవాళ్లలో ఎక్కువమందికి, వాటిల్లో దిగిన నాన్న లేడు. ఆ చదువు కావాల్సింది వాళ్లకి. నూట అరవైలో దానికి ఎన్ని ఇస్తారో వాళ్లనే చెప్పమనండి.